వెండి చేప తోకలో గుప్పెడు ఊపిరి

కాశీబుగ్గ బస్టాండు వెనక సందులో, జీడిపప్పు కొట్టుకీ టైలరు షాపుకీ మధ్య ఇరుక్కుని నాగమణి పార్టీ సామాన్ల షాపు ఉంది. పొద్దున షట్టరు ఎత్తగానే ఎవరైనా దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగిస్తారు. నాగమణి వెలిగించదు. రేకు బెలూన్ల దగ్గర నిప్పేమిటని రెండు మందారాలు పెట్టి సరిపెడుతుంది. దేవుడు కూడా ఇన్నేళ్లలో ఏమీ అనలేదు.

ఆ తర్వాత నిన్నటి ఫంక్షన్ల నుంచి తిరిగొచ్చిన బెలూన్ల పని. మూతిలోకి స్ట్రా దూర్చి, బెలూన్‌ని ఒళ్లో పడుకోబెట్టి, చంటిపిల్లకి నూనె రాసినట్టు అవతలి చివర నుంచి అరచేత్తో తోసుకుంటూ వస్తుంది. గాలంతా పోయి రేకు పల్చగా పడుకుంటుంది. అతుకుల వెంబడే మడవాలి. గోరు తగలకూడదు. ఎండపొడ అసలే తగలకూడదు. పలాస పిల్లల పుట్టినరోజులన్నీ ఆమె ఒళ్లో నుంచే పోయి ఆమె ఒళ్లోకే తిరిగొస్తాయి.

కొనుక్కునే వాళ్లకి ఒకటే పాఠం. "గట్టిగా నింపీకండమ్మా. అంచుల్లో ముడతలుండాల. ఇంకో ముద్ద పడతాదనగా ఇస్తరి ముందు నుంచి లేసిపోవాల సూడు, అలాగ." అందరూ బుద్ధిగా తలూపుతారు. ఇంటికెళ్లి పగిలేదాకా ఊదుతారు. మర్నాడు అంకె బెలూన్ పగిలిందనీ, మూడేళ్ల పిల్లకి మూడు లేదనీ దెబ్బలాటకొస్తారు.

మొగలిపేట వాళ్లతో మాత్రం ఈ బాధ లేదు. మొగలిపేట సముద్రం ఒడ్డున, తోటలు దాటి ఆటోలో పోవలసిన బెస్తవారి ఊరు. నాగమణి మెట్టిన ఊరు. వాళ్లకి గ్యాసు సిలిండరు అక్కర్లేదు, పంపూ అక్కర్లేదు. వేటకి పోయే మనిషి తెల్లవారుజామున తన నోటితోనే బెలూన్ ఊదుతాడు. ఇంటివాళ్లు దాన్ని నడిమి దూలానికి దారంతో కడతారు. ఆ మనిషి సముద్రం మీద ఎటుంటే బెలూన్ అటు మొహం తిప్పుకుని దారాన్ని లాగుతూ ఉంటుంది, తల్లి అరుపు విన్న దూడలాగా. ఆడవాళ్లు దాన్ని చూసుకునే ఎసరు పెట్టుకుంటారు. మనిషి తిరిగొచ్చాక స్ట్రా పెట్టి తన ఊపిరి తాను పీల్చేసుకుంటాడు. పీల్చుకోని మగాడు నాలుగడుగులకే ఆయాసపడతాడు కాబట్టి ఎంత అలిసొచ్చినా ముందు ఆ పని, తర్వాతే అన్నం. మనిషి పోతే బెలూన్ తల నేలకి దించేస్తుంది. అప్పుడు పెద్దదినం రోజున భార్య దాన్ని ఒడ్డుకి తీసుకెళ్లి, మిగిలిన ఊపిరిని సముద్రం మీదకి నొక్కేసి, రేకుని ఇసకలో పాతిపెడుతుంది. ఫోన్లొచ్చాయి, టవర్లొచ్చాయి. మొగలిపేటలో ఈ పద్ధతి పోలేదు.

అయిదేళ్ల కిందట నాగమణి భర్త ధనరాజు మునిగిపోయాడు. శవం దొరకలేదు. దొరికిందల్లా దూలానికి వేలాడుతూ తల దించుకున్న వెండి చేప బెలూన్. పెద్దదినం రోజు నాగమణి దాని నోట్లో స్ట్రా పెట్టి నొక్కింది. తల ఖాళీ అయింది, పొట్ట ఖాళీ అయింది. తోక దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. గుప్పెడు ఊపిరి. అదీ పోతే ధనరాజుది ఈ లోకంలో ఇంకేమీ లేదు. అందరూ సముద్రానికి దండం పెట్టుకుంటూ ఉండగా రేకుని బొడ్లో దోపుకుంది. ఇసకలో ఒట్టి గొయ్యి తీసి పూడ్చి, పాతేశానంది.

ఆ తర్వాత ఊళ్లో ఉండలేక కాశీబుగ్గ వచ్చి షాపు పెట్టింది. చేప మాత్రం అడుగు సొరుగులో, నీలం తువ్వాలు మడతలో ఉండేది. సొరుగు లాగితే లవంగం వాసన. ధనరాజు పంటిపోటుకని ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకునేవాడు. పిచ్చిదానా, ఇంకా ఎన్నాళ్లు అని ఆమె తనని తానే తిట్టుకునేది, సొరుగు మూసేది, మళ్లీ తీసేది.

షాపు పనికి సాయంగా మొగలిపేట నుంచి తోటికోడలు అమ్ములు వస్తుండేది. అమ్ములు ధనరాజు తమ్ముడు కామేశ్ భార్య. మాట గబగబా, పని అంతకంటే గబగబా. ఆ రోజు నాగమణి టెక్కలిలో ఏదో పుట్టినరోజుకి డెకరేషన్‌కి పోయింది. రాత్రికి అక్కడే ఉండిపోతానంది. షాపు కట్టేసే వేళకి కామేశ్ ఫోన్ చేశాడు. పాత బెలూన్ అతుకు విడిపోయిందట, రేపటికి కొత్తది తెమ్మన్నాడు. చేపే కావాలన్నాడు. వాళ్ల అన్నదీ చేపే, తనదీ చేపే. నెమలి బెలూనూ గుండె బెలూనూ అతనికి పనికిరావు.

చేపలన్నీ అమ్ముడైపోయాయి. అమ్ములు సొరుగులన్నీ లాగింది. అడుగున తువ్వాలులో భద్రంగా మడిచిన చేప ఒకటి దొరికింది. పాత రకం, మందం రేకు. అక్క మా ఇంటికోసమే దాచిందనుకుని మురిసిపోతూ సంచిలో వేసుకుంది.

తెల్లవారుజామున కామేశ్ అది ఊది, మూతి తుడుచుకున్నాడు.

"ఏటే ఇది, లవంగం వాసనొత్తంది?"

"షాపన్నాక నూరు వాసనలుంటాయి. బేగి ఎల్లు, తెల్లారిపోతంది."

అన్న గుర్తొచ్చి కామేశ్ చిన్నగా నవ్వుకున్నాడు. ఒక్కడూ తెప్ప వేసుకుని పోయాడు.

పొద్దెక్కాక దక్షిణం నుంచి గాలి లేచింది. సముద్రం మురికినీళ్ల రంగుకి తిరిగింది. పడవలు ఒక్కొక్కటే ఒడ్డెక్కాయి. కామేశ్ తెప్ప రాలేదు.

అమ్ములు ఇంట్లో చేప తూర్పుకి తిరిగి లాగుతోంది. ఊరిపెద్ద రామూర్తి పడవలు తీయించి ఆ దిక్కుకే పంపాడు. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. వాళ్లు వెతుకుతూ ఉండగానే ఇక్కడ చేప తల మెల్లమెల్లగా వంగింది. ఇంట్లో గాలి లేదు, తలుపులు మూసే ఉన్నాయి. మధ్యాహ్నం అయ్యేసరికి దాని మొహం సరిగ్గా నేలని చూస్తోంది. దూలం మీద దారం మాత్రం కిర్రు కిర్రుమంటోంది.

రామూర్తి వచ్చి చూసి తలపాగా విప్పేశాడు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. పడవలు ఒడ్డుకి లాగేశారు. ఆడవాళ్లు వచ్చి అమ్ములుని గోడవారగా కూర్చోబెట్టారు. అత్త ముసలమ్మ మూలన కూర్చుని ఏడవకుండా చేపనే చూస్తోంది. ఇద్దరు కొడుకుల్నీ సముద్రానికే ఇచ్చానని ఆమె మనసులో అప్పుడే ఖాయమైపోయింది.

"నా గాజులు ముట్టుకోకండి! దారం లాగతంది, ఇనబడతలేదా మీకు?" అని అమ్ములు రెండు చేతులూ గుండెకి అదుముకుంది.

కబురు అందుకుని నాగమణి టెక్కలి నుంచి అప్పుడే ఆటో దిగింది. చేతులకింకా మెరుపుల రజను అంటుకునే ఉంది. గడపలో అడుగు పెట్టగానే ఆగిపోయింది. ఇల్లంతా లవంగం వాసన. చేపని చూసింది. ఆ మందం రేకు, ఎడమ కంటి దగ్గర ఆ పాత గీత.

"ఎక్కడిదే ఇది?"

"నీ సొరుగులోదే అక్కా. తువ్వాల్లో ఉంది."

నాగమణి దగ్గరికెళ్లి చేప మూతి వాసన చూసింది. రేకు తోక మీద చెయ్యి వేసింది. తోక చల్లగా బరువుగా ఉంది, నీళ్లలో నానిన గుడ్డలాగా. తల గోరువెచ్చగా ఉంది. కళ్లు గట్టిగా మూసుకుని చెప్పేసింది.

"తల దించినోడు కామేసు కాదు. మా ఆయన. పెద్దదినం నాడు నాను పూర్తిగా నొక్కనేదు. తోకలో గుప్పెడు దాసుకున్నాను. కామేసు దాని మీదే ఊదీసినాడు. తూరుపుకి లాగింది మా ఆయనే. ఈడు బతికే ఉన్నాడు, ఎటున్నాడో మనకి కనబడకుండా ఆయన అడ్డొత్తన్నాడు."

పాతేశానన్న ఆ అబద్ధానికి తిట్టవలసిన మనిషి ముసలమ్మే. ఆమె తిట్టలేదు.

"మరయితే తీసీ," అన్నాడు రామూర్తి. "బేగి తీసీ నాగమణీ. పొద్దు వాలిపోతంది."

తీయడం అంత తేలికైన పని కాదు. మామూలుగా నొక్కితే ముందు కామేశ్ ఊపిరే బయటికి పోతుంది. ఊపిరి గాలిలో కలిసిపోతే ఇక సముద్రం మీద మనిషి ఉండడు. నాగమణి చేపని దారంతో సహా దూలం నుంచి విప్పి, దారం కొన అమ్ములుకిచ్చి నేల మీద కూర్చుంది. తోక కిందకీ తల పైకీ పెట్టి చాలాసేపు ఒకే వాటంగా నిమిరింది. పోయినవాళ్ల ఊపిరి బరువు, దిగిపోతుంది. తోక పొంగి బిగిసింది. అప్పుడు తోక మొదట్లో రెండు వేళ్లతో నొక్కిపట్టింది. రెండు స్ట్రాలు ఒకదాంట్లో ఒకటి గుచ్చి, చేప నోట్లోంచి పొట్ట మీదుగా, తన వేళ్ల సందులోంచి తోక దాకా దించింది.

"ఎక్కువ పీల్సీకక్కా," అంది అమ్ములు ఏడుస్తూ. "నా మనిషి ఊపిరి ముట్టుకోకు."

"నీ మనిసిది నాకెందుకే," అంది నాగమణి. "నాది నాకు సాలు."

పెదాల మధ్య స్ట్రా పెట్టుకుని పీల్చింది. తోక ముడతలు పడి నడుముకి అతుక్కుపోయింది. స్ట్రా లాగేసింది. నోరు మూసేసుకుంది.

చేప వణికింది. నేల మీద నుంచి తల ఎత్తి, నెమ్మదిగా తిరిగి, తూర్పు దాటి ఉత్తరానికి మొహం పెట్టింది. బారువ ఊరి వైపు, ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు. ఎంత గట్టిగా లాగిందంటే, అమ్ములు పట్టుకున్న దారం ఆమె వేలు కోసింది.

"ఉత్తరం! మొగ కాడికి కొట్టుకుపోనాడు!" అని రామూర్తి కేక పెట్టాడు. చేపని పట్టుకుని మగాళ్లంతా ఒడ్డుకి పరిగెత్తారు. దాని మీద ఎండ పడకుండా ఎవరో గొడుగు కూడా పట్టారు. పడవ ముందు కొనకి కట్టారు. ఊరు ఊరంతా ఆ చేపనే చూస్తూ ఒడ్డు వెంబడి ఉత్తరానికి నడిచింది. నాగమణిని ఎవరూ చూడలేదు.

ముసలమ్మ ఒక్కతే చూసింది. పెద్దకోడలు జనం పోయే దిక్కుకి పోవడం లేదు. తిన్నగా తూర్పుకి నడుస్తోంది. బుగ్గలు పొంగి ఉన్నాయి, పెదాలు బిగించి ఉన్నాయి. కాళ్లు ఆమెవి కానట్టు, వెనక ఎవరో తోస్తున్నట్టు పడుతున్నాయి. పోయినవాళ్ల ఊపిరి బతికినవాళ్ల నోట్లో ఊరికే ఉండదు. ఒళ్లెక్కడుందో అక్కడికి తీసుకుపోతుంది. నాగమణికి ఆ సంగతి తెలుసు. తెలిసీ నోరు తెరవలేదు. నాలుక మీద లవంగం ఘాటు, చెవుల్లో ధనరాజు నిద్రలో తీసే ఉచ్ఛ్వాసం. అయిదేళ్లుగా వినని చప్పుడు. మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి. నడుము దాకా వచ్చాయి. ఆమెకి భయం వేయలేదు. అదే భయపడవలసిన సంగతి.

వెనక నుంచి ముసలమ్మ ఆమె జడ పట్టుకుంది. ముసలి చేతుల్లో అంత బలం ఉందని సముద్రం కూడా అనుకుని ఉండదు.

"ఒదిలీవే అమ్మీ."

నాగమణి తల అడ్డంగా ఊపింది.

"ఆడు నీకంటే ముందు నాకు కొడుకు. ఆడి మొదటి ఏడుపు నాను ఇన్నాను. నువ్వు గొయ్యి ఉత్తినే పూడ్సినావని ఆ నాడే తెలుసు నాకు. దాసుకోనీలే, ఒక ముక్కయినా మిగల్తాదని నోరు మూసుకున్నాను. తప్పు నాది కూడా. ఇద్దరమూ కలిసి ఒదిలేద్దాం. ఒదిలీ తల్లీ. నిన్ను కూడా ఇచ్చీలేను."

అల వచ్చి ఇద్దరి భుజాలూ తడిపి వెనక్కి పోయింది. నాగమణి ధనరాజుని ఇంకొక్క క్షణం నోట్లో ఉంచుకుంది. తర్వాత పెదాలు విప్పింది.

ఆ ఊపిరి నీటి మీద ముడతలా పరుచుకుంటూ తూర్పుకి పోయింది. అంతసేపూ అది పోయిన దారిలో అలలు లేవలేదు. కొంత దూరాన ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు నాగమణి బిగ్గరగా ఏడ్చింది. అయిదేళ్లుగా ఏడవవలసిందంతా అత్త ఒంటికి అంటుకుని ఏడ్చింది. ముసలమ్మ ఆమె జడ వదలకుండానే ఒడ్డుకి తీసుకొచ్చింది.

పొద్దు గూకుతూ ఉండగా పడవ వచ్చింది. బారువ దగ్గర మొగలో ఇసకదిబ్బ మీద, పగిలిన తెప్పదుంగని కరుచుకుని పడి ఉన్నాడట కామేశ్. మునుపటిలా తూర్పుకే వెతుకుతూ ఉంటే, ఆ పోటుకి దిబ్బ కూడా మునిగిపోయేదన్నారు. అమ్ములు అతని మొహం రెండు చేతుల్లోకీ తీసుకుంది. గాజులన్నీ ఒకేసారి గలగలమన్నాయి.

దుప్పటి కప్పి ఇసకలోనే కూర్చోబెట్టి, ముందు చేప తెచ్చి ఇచ్చారు. కామేశ్ వణుకుతూనే స్ట్రా నోట పెట్టుకుని తన ఊపిరి తాను పీల్చుకున్నాడు. పెదాలకి రంగొచ్చింది. ఇంకోసారి పీల్చి, ఆగి, వదిన మొహంలోకి చూశాడు.

"పొద్దున లవంగం వాసనొచ్చింది వొదినా. ఇప్పుడు నేదేటి?"

"నేదు కామేసూ," అంది నాగమణి. "ఎలిపోనాది."

ఆమె చేప అందుకుని తడి ఒళ్లో పడుకోబెట్టింది. స్ట్రా సరిచేసి, ఎప్పటిలాగే అరచేత్తో తల నుంచి నిమిరి చూసింది. పొట్ట ఖాళీ. తోక మొదలు వచ్చింది. ఈసారి చెయ్యి ఆగలేదు.