ఎర్ర ఇంకుతో గీసిన హామీ

ఓటు వేసేముందు ఆలోచించాలని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నిజంగా ఆలోచించేవాడు వీధికి ఒక్కడుంటాడు. కొంప మునిగేదీ వాడిదే. ఈ వీధిలో ఆ ఒక్కడూ చార్టు మాస్టారు.

బళ్ళో భూగోళం చెప్పీ చెప్పీ, గళ్ళు గీసి రంగులు వేస్తే తప్ప ఆయనకు ఏదీ అర్థం కాకుండా పోయింది. పాలు ఎవరి దగ్గర కొనాలన్నా చార్టే, గొడుగు ఏ షాపులో బాగుచేయించాలన్నా చార్టే. పెళ్ళిచూపులప్పుడు కూడా వేశాడని బావమరిది పదిమందిలో అంటూ ఉంటాడు. మాస్టారు కాదనడు. వేశాడు మరి.

ఎన్నికలొచ్చాయి. మూడు పార్టీలూ ఈసారి ఇళ్ళమీదే పడ్డాయి. గొడుగు పార్టీ అందరికీ సొంతిల్లు కట్టిస్తానంది, ఎక్కడో చెప్పలేదు. లాంతరు పార్టీ తాళాలు వేసి ఉంచిన ఇళ్ళమీద పన్ను వేస్తానంది. నిచ్చెన పార్టీ మాత్రం, పదేళ్ళు ఒకే ఇంట్లో అద్దెకున్నవాళ్ళను ఖాళీ చేయించడానికి వీల్లేకుండా చట్టం తెస్తానంది. ఆ ముక్క చదివి మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

నిలబడడా మరి! ఈ మేడమీద వాటాలో అద్దెకు చేరి వాళ్ళకు తొమ్మిదిన్నరేళ్ళు. ముందుగదిలో పెద్ద కిటికీ, దాని కింద ఆయన భార్య కుట్టుమిషను. పొద్దు వాలేదాకా సూదిలో దారం ఎక్కించుకునేంత వెలుతురు. వీధిలో ఆడవాళ్ళందరి కొలతలూ ఆవిడకు కంఠతా. తన జీతం కంటే ఆ మిషనే సంసారాన్ని ఈడుస్తోందని మాస్టారికి బాగా తెలుసు. ఇల్లు మారితే గిరాకీ అంతా మళ్ళీ మొదటికొస్తుంది. "నన్ను ఈ కిటికీ దగ్గర్నుంచి కదపకండి. ఇంకేమీ అడగను" అని ఆవిడ ఎన్నోసార్లు అంది.

"ఇంకో ఆర్నెల్లు! ఆ తర్వాత మనల్ని బ్రహ్మదేవుడు కూడా కదపలేడు" అన్నాడు మాస్టారు.

"ముందు వాళ్ళు గెలవాలి, తర్వాత చట్టం రావాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట" అంది ఆవిడ దారం కొరుకుతూ. "నోరు మూసుకుని వెళ్ళి ఓటేసి రండి. చాలు."

అదొక్కటే మాస్టారికి చేతకాని పని. మర్నాటికల్లా మెట్ల గోడమీద నిలువెత్తు చార్టు వెలిసింది. మూడు పార్టీలు, మూడు రంగులు. పదేళ్ళ హామీ కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు.

కింద వాటాలో ఉండే ఇల్లుగలావిడ బట్టలారేయడానికి పైకి వస్తూ ఆగింది.

"ఇదేంటి మాస్టారూ? కళ్ళజోడు తెచ్చుకోలేదు, కాస్త చెప్పండి."

ఒకళ్ళు అడగడమే మహాభాగ్యం. మాస్టారు స్కేలు పట్టుకుని మొదలుపెట్టాడు. ఆవిడ తడిబట్టల బకెట్టు కింద పెట్టి మరీ విన్నది. బళ్ళో ఏ పిల్లాడూ అంత శ్రద్ధగా వినలేదు.

"అయితే పదేళ్ళు దాటితే ఇక మేం ఏం చెయ్యలేమన్నమాట. మీరొచ్చి ఎన్నాళ్ళయింది?"

"తొమ్మిదిన్నరేళ్ళు పిన్నిగారూ!" అన్నాడు మాస్టారు ఛాతీ విరుచుకుని.

"అబ్బో! నాకూ ఒకటి రాసివ్వరూ? మా ఓనర్ల సంఘంలో చూపిస్తాను."

ప్రజల్లో చైతన్యం వచ్చేసిందని మాస్టారు పొంగిపోయాడు. ముత్యాల్లాంటి అక్షరాలతో మరో ప్రతి రాసి, ఆ రెండు గీతలూ ఇంకాస్త లావుగా గీసి ఇచ్చాడు. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. కాకపోతే ఈయన ముందు తలకు నూనె కూడా రాసుకున్నాడు.

వారం తిరక్కుండా ఇంటావిడ పైకొచ్చింది. "నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యండి మాస్టారూ."

"మేమేం తప్పు చేశాం పిన్నిగారూ?"

"అయ్యో, తప్పేంటి నాయనా! మీలాంటివాళ్ళు మళ్ళీ దొరకరు. కానీ నాకున్నది ఈ మేడ ఒక్కటే. రేపు నా కూతురొచ్చి ఉంటానంటే మిమ్మల్ని బతిమాలుకోవాలా?"

"అది చట్టం కాదండీ, వట్టి వాగ్దానం! ఆ పార్టీలవాళ్ళ మాటలు ఎవరైనా నమ్ముతారా?"

"మీరు నమ్మారుగా" అంది ఆవిడ.

ఆవిడ దిగిపోయాక మాస్టారు మిషను పక్కన కూలబడ్డాడు. భార్య తలెత్తకుండా జాకెట్టుకు గుండీలు కుడుతోంది. దానికే ఆయనకు ఎక్కువ భయం వేసింది.

"తిట్టవే, నీకు పుణ్యముంటుంది" అన్నాడు.

"చార్టు వెయ్యండి. వరసగా తిడతాను" అంది ఆవిడ. చేతిలో ఉన్న జాకెట్టుతోనే కళ్ళు తుడుచుకుంది. మాస్టారికి ఆ క్షణాన భూమ్మీద తనంత దద్దమ్మ లేడనిపించింది. పోల్చి చూడ్డానికి చార్టు కూడా అక్కర్లేదనిపించింది.

ఇళ్ళ వేట మొదలైంది. మొదటి ఇంటాయన పదకొండు నెలలే ఇస్తానన్నాడు. ఎందుకని అడిగితే సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. మాస్టారు రాసిన చార్టే! జిరాక్సులో ఎర్ర గీతలు నల్లగా పడ్డాయి. రెండో ఇంట్లో అదే చార్టు తలుపు వెనక అంటించి ఉంది.

మూడో ఇంటి యజమాని బ్యాంకులో రిటైరైన పెద్దాయన. ఆ ఇంట్లో కిటికీ ఉంది కానీ ఎదురుగా పక్కింటి గోడ. భార్య దాని కింద జానలు వేసి మిషను పడుతుందో లేదో కొలుచుకుంటోంది. పెద్దాయన చార్టు విప్పాడు.

"పదకొండు నెలలేనండీ. ఎవరు రాశారో కానీ మహానుభావుడు! ఓనర్ల కష్టం తెలిసినవాడు. ఆయనకి ఎన్ని ఇళ్ళున్నాయో!"

మాస్టారు నోరు తెరవబోయాడు. భార్య వచ్చి కాలు తొక్కింది.

"ఒక్కటే ఉండేదటండీ" అంది.

"మీకు తెలుసా ఆయన?"

"విన్నాను. మనిషి మంచివాడేనట. నోరే కాస్త."

పెద్దాయన నవ్వి మాస్టారి వైపు తిరిగాడు. "మాస్టారంటున్నారు, ఇంతకీ ఈసారి మీ ఓటు ఎవరికి?"

మాస్టారు కిటికీని చూశాడు, భార్యను చూశాడు, తన అక్షరాలను తనే చూసుకున్నాడు.

"నాకు రాజకీయాలు తెలియవండీ" అన్నాడు.

ఆ ఒక్క మాటకి ఇల్లు దొరికింది, పదకొండు నెలలకి.