డైలాగు లేనివాళ్ళకు కుర్చీ లేదు

ఈ ఉదయం మా అక్క నా స్క్రిప్టు నలభై రెండో పేజీలోంచి లేచి, కుచ్చిళ్ళు సర్దుకుని, నాతోపాటు ఆటో ఎక్కుతుంది. ఒళ్ళో ఖాళీ వైండింగ్ చట్రం పెట్టుకుంటుంది. డ్రైవరు అద్దంలో చూసి, కాగితం మనుషులైతే గాలికి ఎగిరిపోతారు, పరదా దించుకోమంటాడు. దించుకుంటాను.

అక్క పోయి ఆరేళ్ళయింది. పేరు రత్నకుమారి. విజయవాడలో, కాలిపోయిన ఫ్యాన్లకు వైండింగ్ చేసే షాపులో ఇరవై రెండేళ్ళు తీగ చుట్టింది. కాయిల్‌కి నాలుగు వందల చుట్లు. నోరు తెరిస్తే లెక్క తప్పుతుందని మాట్లాడేది కాదు, పెదవులు మాత్రం కదిలేవి. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. నన్ను చదివించింది ఆ పెదవులే. ఇప్పుడు అక్క ఉన్నదల్లా ఈ నూట పన్నెండు పేజీల్లోనే. ఇంకెక్కడా లేదు. ఫోటో కూడా లేదు.

ఫిల్మ్‌నగర్‌లో ప్రివ్యూ హాలు గుమ్మం మీద ‘కొత్త కలాలకు ఎర్ర తివాచీ’ అని బ్యానరు కట్టారు. తివాచీ నిజంగానే పరిచారు. మనం నడిచినకొద్దీ అది వెనకనుంచి చుట్టుకుపోతుంది.

ఇక్కడి పద్ధతి ఇది. నటులు స్టేజీ మీద కూర్చుని కొత్త రచయిత స్క్రిప్టు పైకి చదువుతారు. పరిశ్రమ పెద్దలు విని అక్కడికక్కడే సలహాలిస్తారు. రచయిత చేతులు కట్టుకుని ‘థాంక్యూ సర్’ అనాలి. నేను చేతులు ఇంట్లోనే కట్టుకుని వచ్చాను.

పెద్దలు ఇద్దరు. ఒకరు ప్రొడ్యూసర్ వీరభద్రంగారు, చీకటి హాల్లో నల్లకళ్ళద్దాలు పెట్టుకునే మనిషి. జీవితంలో ఒక్క స్క్రిప్టూ చదవకుండా పాతిక సినిమాలు తీసినందుకు మొన్నే సన్మానం చేయించుకున్నారు. రెండోవారు ఏదో సినిమాల యాప్‌లో కథలు ఎంపిక చేసే మేఘన. ఆవిడ ఉండుండి వేలితో గాలిని పక్కకు తోస్తుంది. తోసినప్పుడల్లా పది సెకన్లు పోతాయి. ఇప్పుడే చెప్పులు విప్పుతున్నాను, ఇప్పుడే స్టేజీ పక్కన నిలబడి ఉన్నాను. మధ్యలో నేనేం చేశానో నాకు తెలీదు.

స్టేజీ మీద ఎనిమిది కుర్చీలు, ప్రతి దాని వెనకా ఒక పాత్ర పేరు. ఇంటి ఓనరు కుక్కకి కూడా కుర్చీ వేశారు. అక్కకి లేదు.

“మా అక్కకి కుర్చీ ఏదండీ?” అని నిర్వాహకుణ్ణి అడుగుతాను.

“డైలాగు ఉన్నోళ్ళకేనండీ కుర్చీ.”

“కుక్కకి వేశారుగా.”

“అది రెండుసార్లు మొరుగుతుంది కదండీ, పదిహేనో పేజీలో.”

“మా అక్క నూట పన్నెండు పేజీల్లోనూ ఉంది.”

“ఉండనివ్వండి, ఎవరొద్దన్నారు? నిలబడమనండి.”

అక్క నిలబడుతుంది. షాపులో కరెంటు పోయినప్పుడు కూడా అలాగే నిలబడేది.

డైలాగు కానిదంతా చదవడానికి ఏకాంబరంగారని ఒక ముసలాయన ఉన్నారు. నాటకాల్లో తెర వెనకనుంచి మాటలు అందించి అందించి ఆయన గొంతు అరిగిపోయింది. ఇప్పుడు ఆయన చదివితే వినపడదు, కనపడుతుంది. ‘కిటికీ పక్కన అక్క’ అని పెదవులు కదుపుతారు. స్టేజీ మీద కిటికీ వస్తుంది. అక్క వెళ్ళి దాని పక్కన నిలబడుతుంది.

“బాగుందమ్మా, కానీ...” అంటారు వీరభద్రంగారు. ఆయన కుర్చీ జానెడు పైకి లేస్తుంది. ఇక్కడ ప్రతి ‘కానీ’కీ కుర్చీ జానెడు లేస్తుంది. మూడో సీనుకల్లా ఇద్దరూ నా తలకంటే ఎత్తులో ఉన్నారు. అంత పైకి వెళ్ళినవాళ్ళకు కథ ఏమైనా బాగా కనపడుతుందేమో అనుకుంటాను. నాకు మాత్రం వాళ్ళ బూట్ల అడుగుభాగాలు బాగా కనపడుతున్నాయి.

“ల్యాగ్ ఉందండీ,” అంటుంది మేఘన. “ఆ అక్కతో నేను కనెక్ట్ అవ్వట్లేదు. అసలు ఆవిడ ఏం చేస్తున్నట్టు?”

“లెక్కపెడుతోందండీ.”

“దేని లెక్క? స్కామా?”

“తీగ చుట్లు.”

ఆవిడ గాలిని పక్కకు తోస్తుంది. నా జవాబు పోతుంది.

“మొదటి ఇరవై నిమిషాల్లో అక్కని చంపెయ్యమ్మా,” అంటారు వీరభద్రంగారు. “చెల్లెలు కత్తి పట్టుద్ది. ఇంటర్వెల్‌కి థియేటర్ ఊగిపోద్ది.”

“మా అక్క పోయి ఆరేళ్ళయిందండీ.”

“అది లైఫ్‌లో. నేను కథలో అంటున్నా. కథలో ఇంకా బతికే ఉంది కదా, అదే ప్రాబ్లమ్.”

ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఒక్క బుర్రలో ఎలా ఇమిడిందో నాకు అర్థం కాదు. పైనుంచి దారానికి కట్టిన ఎర్ర పెన్ను ఒకటి నా ముందుకు దిగుతుంది.

“చంపడం ఇష్టం లేకపోతే మొత్తానికే కొట్టేయ్. ఇక్కడే, ఇప్పుడే. శుక్రవారం నీ సినిమాకి కొబ్బరికాయ కొడదాం.”

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ నాకు ఆశ పుడుతుంది. ఎనిమిదేళ్ళుగా వీళ్ళ గుమ్మాలు పట్టుకు తిరుగుతున్నాను. వీళ్ళని చూస్తే ఎంత అసహ్యమో, ఆ పెన్ను అందుకుంటున్న నా చేతిని చూస్తే అంతకు రెట్టింపు అసహ్యం. “అలాగే సర్,” అంటుంది ఒక గొంతు. అది నాదే.

మొదటి పేజీలో అక్కని కొట్టేస్తాను. స్టేజీ మీద అక్క చెప్పులు పోతాయి. నాలుగో పేజీకి గాజులు, పదకొండో పేజీకి నీడ, ముప్ఫయ్యో పేజీకి భుజాలు. అక్క కోప్పడదు. నేను సరిగ్గా గీత గీయడానికి వీలుగా కాస్త వెలుతురులోకి జరుగుతుంది.

నలభై రెండో పేజీకి పెదవులు మాత్రం మిగులుతాయి. పెన్ను పెట్టబోయి, రాసింది నేనే అయినా, చదువుతాను.

పరీక్ష ముందురోజు చెల్లెలికి జ్వరం. అక్క పని ఇంటికి తెచ్చుకుంది. ఎడం చెయ్యి చెల్లెలి నుదుటి మీద, కుడి చెయ్యి తీగ మీద. మూడు వందల తొంభై ఎనిమిదో చుట్టు దగ్గర చెల్లెలు జ్వరంలో ‘అక్కా’ అని పిలుస్తుంది. అక్క ‘ఊఁ’ అంటుంది. లెక్క తప్పుతుంది. తీగంతా విప్పేసి మళ్ళీ ఒకటి నుంచి చుడుతుంది.

చదవడం అయ్యాక ఆ ఎర్ర సిరాతోనే, పేజీ మధ్యలో, డైలాగు రాయాల్సిన చోట రాస్తాను: అక్క. దాని కింద: ఊఁ.

“మా అక్కకి డైలాగు ఉందండీ,” అంటాను. “కుక్కకి రెండు, మా అక్కకి ఒకటి. కుర్చీ వెయ్యండి.”

నిర్వాహకుడు పేజీ చూస్తాడు, పైకి చూస్తాడు, తల గోక్కుంటాడు. రూలు రూలే కనుక కుర్చీ తెచ్చి వేస్తాడు. పెదవులు వచ్చి దాంట్లో కూర్చుంటాయి. వాటి చుట్టూ మొహం, తర్వాత భుజాలు, గాజులు, ఆఖరున చెప్పులు వస్తాయి. ఇరవై రెండేళ్ళు స్టూలు మీద కూర్చున్న మనిషి మొదటిసారి వెనక్కి ఆనుకుంటుంది. నాకు ఏడుపు వస్తుంది.

ఏడుస్తూనే మొదటి పేజీకి పోయి, కొట్టేసిన అక్క పక్కనా, కొట్టేయని అక్క పక్కనా ‘ఊఁ’ రాస్తాను. రెండో పేజీలో, మూడో పేజీలో, నూట పన్నెండో పేజీ దాకా రాస్తాను. ఒక్కో ‘ఊఁ’కీ ఒక్కో అక్క వచ్చి నిలబడుతుంటే, కుర్చీలు మోసి మోసి నిర్వాహకుడి చొక్కా తడిసిపోతుంది.

“శుక్రవారం క్యాన్సిల్!” అని అరుస్తారు వీరభద్రంగారు. “ఇది సినిమా కాదు, కానీ... నీ మంచికే చెప్తున్నా, కానీ...” కుర్చీ జానెడు జానెడుగా లేచి, ఆయన తల సీలింగుకి ఆనుతుంది. మేఘన అప్పటికే అక్కడుంది. గాలిని తోస్తోంది కానీ అంత ఎత్తులో తోయడానికి గాలి లేదు.

కుర్చీ ఇంక లేవదు, సలహా మాత్రం ఆగదు. అది ఆయన నోట్లోంచి సన్నటి రాగి తీగలా కిందికి దిగుతుంది. అక్క చెయ్యి చాచి దాని కొస పట్టుకుని, మంచి తీగేనా కాదా అని గోటితో గీరి చూస్తుంది. పర్వాలేదన్నట్టు తలూపి చట్రానికి తగిలిస్తుంది.

నూట పన్నెండు మంది అక్కలు వరసగా కూర్చుని తీగ ఒకరికొకరు అందించుకుంటూ చుడుతున్నారు. పెదవులు కదులుతున్నాయి. పైన వీరభద్రంగారు తగ్గిపోతున్నారు. ముందు మీసం దారంలా సాగి వస్తుంది, తర్వాత బొజ్జ, తర్వాత సన్మానంలో కప్పిన శాలువా. కుర్చీలో నల్లకళ్ళద్దాలు మిగిలి, ఇంకా ‘కానీ’ అంటున్నాయి.

ఏకాంబరంగారు లేచి నిలబడి, నా స్క్రిప్టులో లేనిదేదో చదువుతారు. అది కనపడుతుంది: నా నుదుటి మీద నూట పన్నెండు ఎడం చేతులు.

మూడు వందల తొంభై ఎనిమిది దాకా ఓపిక పడతాను.

“అక్కా,” అంటాను.

“ఊఁ,” అంటారు అందరూ.

లెక్క తప్పుతుంది. చుట్టిందంతా విప్పేసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు.