ఎర్ర కారులో షికారు

"రజితా, జర కిందికి రా! కారెక్కాలె."

నరేష్ కేక వినేసరికి రజిత చేతులు చింతపండు పులుసులో ఉన్నాయి. పిప్పి పిండి పారేసి, చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంటుంటే అత్త మల్లమ్మ నవారు మంచం మీద నుంచి అంది. "పో బిడ్డా, పో. మొగడు కార్ల తిప్పుతనంటే ఎవలకు దొరుకుతది గా అదృష్టం? మీ మామ నన్ను సైకిల్ మీద సుత ఎక్కించుకోలె."

పైన ఇల్లు, కింద షాపు. ఎల్బీనగర్ నుంచి వనస్థలిపురం పోయే దారిలో ఒక గల్లీ అది. నరేష్‌కుమార్ మామూలు రిపేర్లు చేయడు. ఉన్న కారును ఇంకా ఉరికించాలనుకునేవాళ్లు, మలుపులో అది నేలను పట్టుకుని తిరగాలనుకునేవాళ్లు అతన్ని వెతుక్కుంటూ వస్తారు. పని అయ్యాక కారును రోడ్డు మీదికి తీసేటప్పుడు నరేష్ పక్క సీట్లో రజిత ఉండాల్సిందే. కళ్లు మూసుకుని, గేరు పక్కన అరచెయ్యి ఆనించి కూర్చుంటుంది. తిరిగి గల్లీలోకి వచ్చేలోపు చెప్పేస్తుంది. ఎడమ ముందు చక్రం దగ్గర ఏదో రాసుకుంటోందనో, సైలెన్సర్ పైపు వేడెక్కాక కింద తగులుతోందనో. నరేష్ తలూపుతాడు. కారు దిగి ఓనరుతో, "స్టీరింగ్ పట్టంగనే నా చేతికి తెల్సిపోయింది సార్" అంటాడు.

ఈ వినడం రజితకు ఏ కాలేజీ నేర్పలేదు. పోచంపల్లిలో నాన్న కోదండం మగ్గం గుంట పక్కనే కూర్చుని ఆమె లెక్కలు చేసుకునేది. నాడె అటూ ఇటూ పోయే చప్పుడు కొంచెం మారితే చాలు, తలెత్తకుండానే "నాయినా, పోగు తెగింది" అనేది. నాన్న మగ్గం ఆపి చూస్తే నిజంగానే తెగి ఉండేది. వాళ్లింట్లో మొదట డిగ్రీ చదివింది ఆమే. చైతన్యపురిలో కోచింగ్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే కొలువు కూడా దొరికింది. పెళ్లయ్యాక నరేష్, "ఇంట్ల షాపుండంగ బయట కొలువేంది? నువ్వు నా పక్కనుంటే చాలు" అన్నాడు. ఆ మాట అప్పుడు ఎంత తియ్యగా వినబడింది! పక్కన అంటే పక్క సీటు అని ఆమెకు తర్వాత అర్థమైంది.

ఇవాళ్టి కారు నాగార్జునది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాడు, గుడివాడ వైపు మనిషి. అతనికి రెండే సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారుంది. స్పీడులో మలుపు తిప్పితే లోపల గేర్‌బాక్స్ ఊగుతోందని, గేరు చేతికి ఆలస్యంగా అందుతోందని అతని ఫిర్యాదు. గేర్‌బాక్స్‌ను కిందనుంచి మోసే మెత్తటి రబ్బరు మౌంటింగ్ తీసేసి, దాని చోట గట్టిది వేయాలని నరేష్ నిర్ణయించాడు. ఎక్కడ దొరుకుతుందో నెట్‌లో వెతికింది రజిత. ఇంగ్లీషులో అడిగి తెప్పించిందీ రజితే. ఆ వెతుకులాటలోనే ఆమెకు ఒక సంగతి తెలిసింది. అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"గేర్‌బాక్స్ కింద ఒక్కదాన్నే గట్టిది పెట్టి, ఇంజన్ కింద పాత మెత్తవే ఉంచితే ఊపంతా ఆ ఒక్కటే మోయాలె. దాన్ని పట్టుకున్న ఇనుము పగుల్తది. పెడితే అన్నీ పెట్టు, లేకుంటే కొంచెం మెత్తది పెట్టు."

"నీ బీఎస్సీ పుస్తకం జర మూస్తవా? పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నాడు నరేష్.

ఆమె ఉప్పు తెచ్చి వేసింది. అతను గట్టిదే బిగించాడు, కొన్నాళ్లు నడిపి తెస్తే అప్పుడు తిప్పి చూద్దామని నాగార్జునకు కారిచ్చేశాడు. ఆ రోజుల్లోనే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఈ పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో వంటా వార్పు జరిగింది. రోడ్డు మధ్య పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకు తిని, అక్కడే కూర్చున్నారు. రజిత ఆడవాళ్లతో కలిసి ఉల్లిగడ్డలు కోసింది. మైకు పట్టుకున్న నరేష్ గొంతు చౌరస్తా దాటి వినబడింది. "కష్టం మనది, పేరు వాళ్లది! ఇంకెన్నేండ్లు?" జనంతో పాటు రజితా చప్పట్లు కొట్టింది. ఉల్లి ఘాటుకో, ఆ మాటకో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె నిజంగానే తెలంగాణ కావాలనుకుంది. ఇప్పటికీ అనుకుంటోంది. 'కష్టం మనది, పేరు వాళ్లది' అన్న మాట మాత్రం చౌరస్తాలో ఆగిపోలేదు. ఆమెతో పాటు ఇంటికొచ్చింది, మెట్లెక్కింది, వంటింట్లో పక్కన నిలబడింది.

ఇందాక నాగార్జున కారు గల్లీలోకి మలుపు తిరిగినప్పుడు రజిత చింతపండు నానబెడుతోంది. అతను యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే ఒక్క చప్పుడు వచ్చింది. టక్. పొడిగా, సన్నగా. రబ్బరు అలా అరవదు, ఇనుమే అరుస్తుంది. ఆమె వేళ్లు నీళ్లల్లోనే ఆగిపోయాయి. చెబుదామని చుట్టూ చూసింది. వంటింట్లో కుక్కర్ ఉంది, మంచం మీద కునుకుతున్న అత్త ఉంది. ఎవరితో చెప్పాలి?

ఇప్పుడు పిలుపు వచ్చింది కదా అని మెట్లు దిగుతోంది. షటర్ పక్క మూల తిరగబోతుంటే మాటలు వినబడి ఆగింది.

"ప్రతిసారీ మీ మిసెస్‌ని కారెక్కించుకుని వెళ్తారేంటండీ నరేష్ గారూ?" నాగార్జున గొంతు.

"ఊకెనే సార్" అని నవ్వాడు నరేష్. "ఇంట్లనే ఉంటది గద, బోరు కొడ్తదంటది. జర షికారు తిప్పితే ఖుష్ అయితది. ఆడోళ్లకు ఇంకేం గావాలె?"

"అబ్బ! ఎంత ప్రేమండీ. ఈ మాట మా ఆవిడ వింటే నన్ను బతకనివ్వదు."

ఇద్దరూ నవ్వారు. రజిత మెట్టు మీదే నిలబడిపోయింది. అయితే ఇన్నేళ్లూ వచ్చినవాళ్లందరికీ ఇదే చెప్పాడన్నమాట. తాను కారు దిగుతుంటే వాళ్లు చల్లగా నవ్వేది అందుకా? ఎండల్లో ఏసీ ఆపించి, కిటికీలు మూయించి, చెమటలు కారుతుంటే కారు వణుకును అరచేతిలోకి తీసుకున్నది షికారా? వాంతి వచ్చేలా ఉన్నా కొంగు నోట్లో కుక్కుకుని, "ఇంకోసారి తిప్పు, కుడి వైపు వినబడ్డట్టుంది" అన్నది షికారా? అమ్మ గుర్తొచ్చింది. అండాలమ్మ. రంగులద్దకముందు నూలును మేకుల చుట్టూ ఆసు పోసేది అమ్మే. పొద్దంతా ఒక్క చెయ్యే అటూ ఇటూ ఆడేది. రాత్రి ఆ భుజానికి రజిత కాపడం పెట్టేది. చీర తయారయ్యాక ఊరు ఊరంతా "కోదండం నేసిండు" అనేది. అమ్మ కూడా అదే అనేది, గర్వంగా. మొగుడు తన చెవిని తీసుకున్నాడు, పోనీ. దానికి బదులు సరదా అని ఒక అబద్ధం కట్టి, తన మీద దయ చూపిస్తున్నట్టు నలుగురిలో తిరిగాడు. అది మాత్రం మింగుడు పడలేదు.

మూల తిరిగి ముందుకొచ్చింది.

"ఒచ్చినవా? ఎక్కు, ఎక్కు" అన్నాడు నరేష్.

"నాకు షికారు వద్దు. మీరిద్దరు పోండ్రి."

నరేష్ ఆమె ముఖంలోకి చూశాడు. నాగార్జున ముందు ఏమీ అనలేక కారెక్కాడు. సమ్మె రోడ్డు ఖాళీగా ఉంది. కారు దూరం పోయేదాకా, మళ్లీ దగ్గరయ్యేదాకా ఆమె షటర్ దగ్గరే నిలబడి వింది. టక్. మళ్లీ టక్.

దిగుతూనే నరేష్ చేతులు దులుపుకున్నాడు. "ఏం లేదు సార్. కొత్త సామాను గద, నాలుగు రోజులు తిరిగితే సెట్ అయితది."

"అయితే రేపు పొద్దున్నే విజయవాడ బయల్దేరొచ్చా? సమ్మె పుణ్యమా అని రోడ్డంతా మనదే. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక లాగించేస్తానండీ."

నరేష్ రజిత వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. ఒక్కసారి తలూపితే చాలు, మిగతాది అతను చెప్పుకుంటాడు. పక్కకు పిలిచి చెవిలో చెప్పినా సరే, రెండు నిమిషాల్లో అది 'నా చేతికి తెల్సిపోయింది సార్' అవుతుంది. పంతానికి నోరు మూసుకుందామంటే రేపు ఆ హైవే మీద కారు నడిపేది ఈ నవ్వే మనిషి. నోరు విప్పితే ఇంట్లో ఏమవుతుందో కూడా తెలుసు. అయినా ఆమె నరేష్ వైపు తిరగలేదు. నాగార్జున వైపు తిరిగింది.

"పోవద్దు సార్. గేర్‌బాక్స్ కింద మౌంటింగ్‌ను పట్టుకునే ఇనుప పట్టీ పగుల్తున్నది. లేపి చూడుండ్రి."

"రజితా!" అన్నాడు నరేష్.

అప్పటికే నాగార్జున, "ఒకసారి లేపండి, చూద్దాం" అన్నాడు. కారును పైకి లేపారు. నరేష్ లైటు పట్టుకుని కిందికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. పట్టీ మూలన, బోల్టు పక్కన, తల వెంట్రుకలా ఒక గీత కనబడింది.

నాగార్జున నోరు తెరిచాడు. "అదేంటండీ! మీరసలు కారెక్కనే లేదుగా. మీకెలా తెలిసింది?"

"చింతపండు నానబెడుతుంటే విన్న. మీరు గల్లీలకు మర్లినప్పుడు." ఆమె ఆగలేదు. "ఈ షాపుల వినేది నేనే సార్. పెండ్లయిన కాణ్నుంచి. నేనెన్నడు షికారు పోలె."

నరేష్ లైటు ఆర్పి, ఆమె వైపు చూడకుండా పానాల పెట్టె తెరిచాడు. అందులో ఏదో వెతుకుతూనే ఉన్నాడు. మనసు తేలికవుతుందనుకుంది రజిత. కాలేదు. ఈ గల్లీలో, ఈ ఇంట్లో ఇకనుంచి తనతో ఎవరు మాట్లాడతారు? ఎన్నాళ్లు మాట్లాడరు? మెట్లెక్కుతుంటే తన చెప్పుల చప్పుడు తనకే కొత్తగా వినబడింది.

మంచం మీద నుంచి మల్లమ్మ తలెత్తింది. "గప్పుడే ఒచ్చినవేందే? షికారు అయిపోయిందా?"

రజిత చింతపండు గిన్నె దగ్గరికి జరుపుకుంది.

"అయిపోయింది అత్తమ్మా. ఇగ పోను."