ఆఖరి ఐదు గజాలూ, నేనూ

నేను ఒక కోలబంతిని. నవ్వకండి. బంతి అన్నాక గుండ్రంగా ఉండాలని మీకెవరో చిన్నప్పుడే చెప్పేసి ఉంటారు. నాకెవరూ చెప్పలేదు. జలంధర్‌లో ఒక చిన్న కార్ఖానాలో నాలుగు గోధుమరంగు తోలుముక్కల్ని కలిపి కుట్టి, కడుపులో రబ్బరు తిత్తి పెట్టి, పొట్టమీద తెల్ల లేసులు బిగించి, గాలి కొట్టారు. ఆ మొదటి ఊపిరి ఎంత హాయిగా ఉందో! రెండు కొసలూ మొనదేలి, నడుమ బొద్దుగా, అచ్చం బొప్పాయికాయలా తయారయ్యాను.

గుండ్రటి బంతులు రెండు డజన్లు కాకినాడ వెళ్తుంటే పొరపాటున నేనూ ఆ గోనెసంచిలో పడ్డాను. ఆటసామాన్ల కొట్టు అప్పలకొండగారు నన్ను బయటికి తీసి, అటు తిప్పి ఇటు తిప్పి, "పాపం, దార్లో దీనిమీద ఎవడో కూర్చున్నాడు" అన్నారు. గుండ్రంగా చేద్దామని రెండు రోజులు రెండు కొసలూ పట్టుకుని ఒత్తారు కూడా. కుదరక, వలసంచిలో వేసి కొట్టు గుమ్మానికి వేలాడదీశారు. ఏడాదిపాటు ఆ కొట్టుకి దిష్టి గుమ్మడికాయని నేనే. గొప్ప చెప్పుకోకూడదు గానీ, ఆ ఏడాది కొట్టుకి ఒక్క దిష్టీ తగల్లేదు.

ఒకరోజు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే వీర్రాజు షటిల్ కాక్‌లు కొనడానికి వచ్చి, తలెత్తి నన్ను చూసి, "అమ్మబాబోయ్, నువ్విక్కడున్నావా!" అని ఎగిరి కౌగిలించుకున్నాడు. వల ఊడి ఇద్దరం మెట్లమీద పడ్డాం. మా పరిచయం అలా జరిగింది.

వీర్రాజు అమెరికావాళ్ళ ఫుట్‌బాల్‌ని ఫోన్లో చూసి చూసి, నలుగురు స్నేహితుల్ని పోగేసి జట్టు కట్టినవాడు. అంతవరకూ వాళ్ళు బంతి లేక దిండుతో ఆడుతున్నారట. జట్టు పేరు 'కాకినాడ కాజాలు'. ఆ పేరు పెట్టింది దర్జీ మస్తాను. టోర్నమెంటు ఫారం నింపేటప్పుడు అతని నోట్లో ఉన్నది అదే.

వీళ్ళ ఆటలో ఒకరిమీద ఒకరు పడి కుమ్ముకోవడం ఉండదు. జట్టుకి ఐదుగురు. ఒక్కొక్కరి నడుముకీ రెండు రిబ్బన్లు వేలాడుతుంటాయి. బంతి పట్టుకున్నవాడి రిబ్బను ఎదుటివాడు లాగేస్తే ఆట అక్కడికి ఆగుతుంది. నన్ను తీసుకెళ్ళి అవతలివాళ్ళ గీత దాటిస్తే ఆరు పాయింట్లు. చిక్కల్లా ఆ గీతకి ముందున్న ఆఖరి ఐదు గజాల్లో ఉంది. అక్కడ నన్ను పట్టుకుని పరుగెత్తకూడదు. విసరాల్సిందే. టీవీలో ఆ గీత చుట్టుపక్కల జాగాని రెడ్ జోన్ అంటారు. మస్తాను మాత్రం 'పాడు జాగా' అనేవాడు.

ఆ పాడు జాగాలో కాజాలు ఆరు మ్యాచ్‌లపాటు ఒక్కసారి కూడా గీత దాటలేదు. నన్ను గీత దగ్గరిదాకా ఉత్సవవిగ్రహంలా మోసుకొచ్చి, అక్కడ నేలపాలు చేసేవాళ్ళు. కారణం ఏమిటో నాకు తెలుసు. ఎవరైనా అడిగితేగా! వీర్రాజు ముప్ఫై గజాల దూరానికి ఎంత బలంగా విసిరేవాడో ఐదు గజాలకీ అంతే బలంగా విసిరేవాడు. నేను వెళ్ళి మస్తాను రొమ్ముకి తగిలి ఎగిరి ఎక్కడో పడేదాన్ని. "మాస్టారూ, నేను బతికుంటేనే మీకు చొక్కాలు కుట్టేది" అని అతను మొత్తుకునేవాడు. పైగా వీర్రాజు ఎవరికి వెయ్యబోతున్నాడో వాడినే కళ్ళప్పగించి చూసేవాడు. పెళ్ళిచూపుల్లో కూడా అంత సూటిగా ఎవరూ చూడరు. ఎదుటి జట్టు ఐదుగురూ హాయిగా వెళ్ళి మస్తాను చుట్టూ నిలబడేవాళ్ళు.

కాజాలు ఆదివారం పొద్దుట ఆడుకునే మైదానంమీద క్రికెట్ జట్టు కన్ను పడింది. వాళ్ళ కెప్టెన్ దొరబాబు ప్రతి ఆదివారం గట్టుమీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తూ, "ఏం మాస్టారూ, ఇవాళ కూడా నిండు సున్నాయేనా?" అనేవాడు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. సీజన్లో మిగిలింది ఒక్క మ్యాచ్, తణుకు తారాజువ్వలతో. "గెలవక్కర్లేదండీ. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ గీత దాటించండి, ఆదివారం పొద్దుట మైదానం మీదే. లేదంటే మాది" అన్నాడు దొరబాబు. వీర్రాజు ఆ రోజంతా అన్నం ముట్టలేదు. మైదానం పోతే జట్టూ పోతుంది. జట్టు పోతే నేను మళ్ళీ గుమ్మానికి.

ఈ గొడవలో అతనికి పెళ్ళి కూడా వచ్చిపడింది. పెళ్ళికూతురు సౌదామిని, బి.ఎస్సీ. మాథ్స్.

పెళ్ళిలో పూలబంతులాట ఉంటుంది కదా, వధూవరులు ఎదురెదురుగా కూర్చుని ఒకరిమీద ఒకరు పూలబంతి విసురుకునేది. ఆ వేళకి పూలబంతి కనబడలేదు. చూస్తే దానిమీద ఫొటోగ్రాఫర్ కూర్చునున్నాడు. అప్పుడు మస్తాను నన్ను సంచిలోంచి తీసి, చుట్టూ కనకాంబరాలూ మల్లెలూ చుట్టి, తన సూదీ దారంతో నాలుగు కుట్లు వేసి పీటలమీద పెట్టాడు. నా అందం నేనే చూసుకోవాలనిపించింది!

మొదట వీర్రాజు విసిరాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? సూటిగా చూసి, బలం కొద్దీ. సౌదామిని చటుక్కున తల వంచింది. నేను వెళ్ళి పురోహితుడిగారి పంచపాత్రని పడగొట్టాను. పందిరంతా ఘొల్లుమంది. "పెళ్ళాన్నా, పులినా బాబూ కొట్టేది?" అంది సౌదామిని పెద్దమ్మ రామలక్ష్మి. తర్వాత పెళ్ళికూతురి వైపు తిరిగి, "నువ్వు తలెత్తకే. నేలచూపులు చూస్తూ వెయ్యి. అందరూ చూస్తున్నారు" అని హెచ్చరించింది.

సౌదామిని తల దించుకుంది. చూపు కాలి మెట్టెలమీద. చెయ్యి మాత్రం నన్ను మెత్తగా పైకి లేపి, అతని తలకి కాస్త పక్కగా, కాస్త ఎత్తుగా వదిలింది. నేను పందిట్లో పూలు రాలుస్తూ నింపాదిగా తిరిగి, వీర్రాజు చెయ్యి చాపితే అందేచోట దిగాను. అతను పట్టుకున్నాడు. నన్ను దార్లోనే లాక్కుందామని పక్కన కాచుకుని కూర్చున్న ఇద్దరు బావమరుదులకి నేనెటు వెళ్తున్నానో అంతు చిక్కలేదు.

వీర్రాజు నన్ను పట్టుకుని పీటమీద అలాగే ఉండిపోయాడు. "ఏవండీ, మళ్ళీ వెయ్యాలి" అని సౌదామిని నెమ్మదిగా గుర్తుచేసింది. "అది కాదు... నువ్వు నన్ను చూడలేదు" అన్నాడు. "చూస్తే అందరికీ తెలిసిపోతుందిగా" అందామె.

మూడోరోజు నుంచే సాయంత్రాలు మైదానంలో కొత్త పెళ్ళికూతురు, చేతులనిండా గాజులతో, కాజాలకి పాఠాలు చెప్పింది. "మీరు ఎడంపక్క గట్టుమీదున్న నన్ను చూడండి. బంతి కుడిపక్క మూలకి వెయ్యండి. మస్తానన్న ఉన్నచోటికి కాదు, వెళ్ళబోయే చోటికి. పూలు నలక్కుండా." మొదట్లో ఒక ఇబ్బంది వచ్చింది. వీర్రాజు ఆమెని చూడడంలో పడి నన్ను విసరడం మర్చిపోయేవాడు. ఒకసారి మస్తానే వచ్చి అతని రిబ్బన్లు రెండూ ఊడదీసుకుని వెళ్ళినా తెలియలేదు. "చెల్లెమ్మా, నువ్వు కాస్త తక్కువ నవ్వాలమ్మా" అని మస్తాను దణ్ణం పెట్టాడు. వారం పట్టింది.

తణుకు తారాజువ్వలు మంచి ఆటగాళ్ళు. నిజం చెప్పాలి, మమ్మల్ని చితక్కొట్టారు. ఇంకా ఒక్క విసురు మాత్రమే మిగిలి ఉందనగా వాళ్ళకి ముప్ఫై ఒకటి, మాకు సున్నా. నేను ఆఖరి ఐదు గజాల దగ్గర ఉన్నాను. దొరబాబు వేరుశనక్కాయలు పక్కన పెట్టి, స్టంపులు పాతడానికి జాగా చూసుకుంటున్నాడు.

వీర్రాజు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. ఎడమవైపు తిరిగి సౌదామినిని చూశాడు. ఆమె చూసింది. అతను సిగ్గుపడ్డాడు. నిజంగానే, చెవులదాకా ఎర్రబడ్డాడు.

"వీడేంట్రా, సిగ్గుపడుతున్నాడు?" అన్నాడు తణుకువాడు ఒకడు.

"అటుపక్క ఎవరో ఉన్నార్రా, పరిగెత్తండి!" అన్నాడు ఇంకొకడు. ఐదుగురూ ఎడమవైపు పరిగెత్తారు. అక్కడ పసుపుతాడుతో సౌదామిని తప్ప ఎవరూ లేరు.

అప్పుడు వీర్రాజు, చూపు తిప్పకుండా, నన్ను పైకి వదిలాడు. మెత్తగా. ఎత్తుగా. గాల్లో నింపాదిగా తిరుగుతూ, కింద అందరి నోళ్ళూ తెరుచుకోవడం చూస్తూ, కుడిమూలకి దిగాను. మస్తాను అప్పుడే అక్కడికి వస్తున్నాడు. పసిబిడ్డని అందుకున్నట్టు అందుకుని, గీత అవతల కూలబడి, "పడింది! ఒళ్ళో పడింది!" అని ఏడ్చేశాడు.

ముప్ఫై ఒకటీ, ఆరు. ఓడిపోయినవాళ్ళు అంత ఊరేగడం తణుకువాళ్ళెప్పుడూ చూడలేదట. మాట తప్పని దొరబాబు ఆ ఊరేగింపులో డప్పు కొట్టాడు.

ఇప్పుడు నా తోలు పెచ్చులూడింది. గాలి రెండు రోజులు కూడా నిలవదు. ఆదివారాలు మైదానానికి కొత్త బంతి వెళ్తుంది. నేను వీర్రాజు ఇంట్లో అద్దాల బీరువాలో, పెళ్ళిఫొటో పక్కన కూర్చున్నాను. నా లేసుల మధ్య ఒక కనకాంబరం రేకు ఇంకా అలాగే ఉంది.

మొన్న రామలక్ష్మి పెద్దమ్మ వచ్చి, బీరువాలోకి తొంగిచూసి, "ఇదేంటే, కుళ్ళిన పనసకాయని దాచుకున్నారు?" అంది.

సౌదామిని నన్ను బయటికి తీసింది. కిటికీలోంచి వీధిలో వెళ్తున్న ఐసుబండిని చూస్తూ, చూస్తూ, నన్ను మెత్తగా పైకి వదిలింది. పెద్దమ్మ "అయ్యో అయ్యో" అంటూనే కొంగు చాపి నన్ను ఒడిసి పట్టేసింది.

వంటింట్లోంచి ఉప్మా గరిటెతో పరిగెత్తుకొచ్చి వీర్రాజు అరిచాడు:

"ఆరు పాయింట్లు!"