సూదమ్మ గుమ్మంలో రాళ్లు

ఆ వీధిలో ఎవరి గురించైనా చాటుగా ఓ మాటంటే, తెల్లారేసరికి అది గులకరాయై వాళ్ల గుమ్మంలో పడి ఉంటుంది. అందరి వాకిళ్లలోనూ గుప్పెడో రెండు గుప్పెళ్లో ఉండేవే, ఊడ్చిపారేస్తారు. రాయిని చెవి దగ్గర పెట్టుకుంటే అన్నవాళ్ల గొంతే వినిపిస్తుంది గానీ, అలా వినడం మర్యాద కాదు.

ఆస్పత్రిలో సూదులు వేసే సూదమ్మకి మాత్రం నెలరోజులుగా రోజుకి నాలుగు తట్టల రాళ్లు పడుతున్నాయి. ఆవిడ వేసిన సూది వికటించి టైలర్ భార్యకి కుడిచెయ్యి చచ్చుబడింది. ఇరవై రెండేళ్ల మంచిపేరు ఒక్క పూటలో మంటగలిసింది. సోమవారంలోగా ఒక్కరైనా ఆవిడ చేత సూది వేయించుకోకపోతే మానేయమని డాక్టరు చెప్పేశాడు.

నిజానికి ఆవిడకి తనమీద తనకే అనుమానం. రద్దీ రోజుల్లో కాంపౌండర్ ముందే సిరంజీల్లో మందు నింపి పళ్లెంలో పెడతాడు. పక్కనే ఉంచిన ఖాళీ సీసా మీద మందు పేరు చూసుకున్నాకే వెయ్యాలి. ఆ రోజు ఆవిడ చూసుకోలేదు.

ఇంత జరిగినా పలకరించేది ఆ కాంపౌండర్ ఒక్కడే. రోజూ పొద్దున్నే వచ్చి తట్ట పట్టేవాడు.

"నువ్వు లోపలికెళ్లక్కా, నేనెత్తిపోస్తా. నోళ్లున్నాయి కదాని వాగుతారు వీళ్లు!"

"నువ్వొక్కడివైనా ఉన్నావు తమ్ముడూ" అని ఆవిడ కళ్లు తుడుచుకునేది.

సోమవారం పొద్దున ఆవిడ అతనికి మంచినీళ్లు పట్టుకొచ్చేసరికి, అతను ఒక్కో రాయీ చెవి దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు. కొన్ని తట్టలోకి, కొన్ని జేబులోకి. బరువుకి జారిపోతున్న ప్యాంటుని ఒక చేత్తో పట్టుకున్నాడు.

"ఏంట్రా అది?"

"ఏం లేదక్కా... ఊరికే..."

తన గొంతున్నవే ఏరి దాస్తున్నాడని అర్థమై ఆవిడకి ఒళ్లు మండిపోయింది. అతని చొక్కా పట్టుకుని ఆస్పత్రి దాకా ఈడ్చుకెళ్లింది.

"సిగ్గులేకుండా మళ్లీ వచ్చింది చూడు" అన్నారెవరో వరండాలో, మొహం మీదే. రోజు మార్చి రోజు డాక్టరు చేత సూది వేయించుకునే టైలర్ భార్య బెంచీ మీద ఉంది. సూదమ్మని చూసి మొహం తిప్పేసుకుంది.

"నేనైతే ఈ రాళ్లేవీ వినలేదు" అంది సూదమ్మ కాంపౌండర్‌తో. "జేబులోది ఒకటి తీసి నువ్వే ఈవిడ చెవి దగ్గర పెట్టు."

అందరూ తననే చూస్తుంటే అతనికి తప్పలేదు. చేసిన పని కడుపులో దాచుకోలేక రోజూ పెళ్లాం దగ్గర వాగిన వాగుడు, అతని గొంతుతోనే పలికింది: "ఇవాళా ఎవరూ ఆవిడ దగ్గరికి పోలేదే. వేరే సీసా మందు నింపింది నేనేనని ఆవిడకింకా తెలీదు. పోయేది ఆవిడ పేరేగా, పోనీ."

టైలర్ భార్య విన్నదంతా పైకి చెప్పింది, ఒక్క మాట పోకుండా. తర్వాత లేచి సూదమ్మ ఎదురుగా కూర్చుని ఎడమచెయ్యి చాపింది.

"క్షమించాననుకోకు. చూసుకోవాల్సింది నువ్వు కూడా" అంది. "వెయ్యి."

సూదమ్మ మందు తనే నింపి వేసింది. బెంచీ మీదివాళ్లు గొణుక్కుంటూనే లేచి, టైలర్ భార్య వెనకాల వరసలో నిలబడ్డారు.