నాలుగు అచ్చులు

నా కూతురు రెండేళ్లుగా స్టీరింగు ముట్టుకోలేదు. నేను వద్దనలేదు. ముట్టుకుంటానని అదీ అడగలేదు. రెండేళ్ల కిందట మా వదిన ఇంటి నుంచి కొండ దిగుతుంటే, చినుకులు మొదలైన పది నిమిషాల్లోనే, అది నడుపుతున్న కారు మలుపులో గిర్రున తిరిగి రాతిగోడకు కొట్టుకుంది. వెనక సీట్లో ఉన్న నా భార్య పోయింది. అమ్మాయికి మోచెయ్యి విరిగింది. నేను ఇంట్లో పేపరు చదువుతున్నాను.

ఆసుపత్రిలో దానితో ఒకే మాట అన్నాను. "నీ చేతులారా చంపుకున్నావు." ఆ మాట మళ్లీ అనలేదు. వెనక్కీ తీసుకోలేదు.

కారుకు వెనక తలుపు మార్పించి, ఈ రెండేళ్లూ మార్కెట్టు దాకా నేనే నడుపుకుంటున్నాను. చిన్నదే, కాని ఎత్తుగా ఉండే బండి. గతుకుల రోడ్లకు పనికొస్తుందని కొన్నాను.

ఈ మధ్య అమ్మాయికి అదే కొండ మీది ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. అక్కడికి బస్సు వారానికి మూడు రోజులే. ఒకరోజు పొద్దున వంటగదిలో గ్లాసులు కడుగుతూ, నా వైపు చూడకుండా, "కారు కావాలి నాన్నా" అంది.

"నడపగలవా?"

"నడపాలి."

"టైర్లు మార్చాలి" అన్నాను. ఆ నెల మొత్తంలో మేమిద్దరం మాట్లాడుకున్నది అదే.

టైర్ల షాపు ఊరి చివర, బస్సు గ్యారేజీ పక్కన ఉంది. నడిపేది యాభై దాటిన ఆడమనిషి. అందరూ టైర్లక్క అంటారు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. కడిగినా పోయే నలుపు కాదది. వచ్చినవాళ్లను ఏ కంపెనీ కావాలని అడగదు, ఎంతలో కావాలని అడగదు. మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "బండి ఏ దారిన తిరుగుతుంది?"

అమ్మాయి చెప్పింది. "కింద ఎండ. సగం ఎక్కేసరికి వాన. పైన పొద్దున్నే రోడ్డు మీద మంచు గడ్డ కట్టి ఉంటుంది."

"అంతా ఒక్కరోజులోనా తల్లీ?"

"ఒక్క గంటలో."

"అయితే మూడు కాలాలకీ కలిపి ఒకటే చెప్పుల జత కావాలన్నమాట."

"గట్టివి ఇవ్వు" అన్నాను. "అరగనివి. ఐదేళ్లు రావాలి."

"గట్టివా బాబాయిగారూ" అని ఆమె లోపలికి వెళ్లింది. మూలన ఐసుక్రీములు పెట్టుకునేలాంటి పెట్టె ఉంది. దాంట్లోంచి రెండు రబ్బరు ముక్కలు తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టింది. రెండూ నల్లవే. రెండూ చేతులు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి. "గోరుతో నొక్కండి."

కుడి చేతిలోది ఎద్దుకొమ్ములా ఉంది. గోరు దిగలేదు. ఎడమ చేతిలోది నొక్కితే చెవితమ్మెలా లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చింది.

"రెండూ రాత్రంతా ఒకే పెట్టెలో పడుకున్నాయి" అంది. "కుడిచేతిలోది మీరడిగిన గట్టి టైరు. ఎండలో బాగానే ఉంటుంది. మంచులో రాయైపోతుంది. రాయి రాయిని పట్టుకోదు కదా."

మళ్లీ నొక్కాను. అంత చలిలో ఒకటి బిగుసుకుపోయి, ఇంకొకటి ప్రాణమున్నదానిలా మెత్తగా ఎలా ఉందో నాకు అర్థం కాలేదు. నేను చలిని ఎరుగుదును. చలికి నూనె గడ్డకట్టడం చూశాను, మనుషులు గడ్డకట్టడం చూశాను. గడ్డకట్టనని మొండికేసిన వస్తువును చూడటం అదే మొదలు.

"దీంట్లో ఏం కలుపుతారు?"

"ఇసుకలోంచి తీసిన పొడి ఏదో అంటారు. నూనెలంటారు. పూర్తిగా నాకూ తెలీదు. తెలిసినవాళ్లు చెప్పరు."

"అయితే ఇదే ఇవ్వు."

"తొందరపడకండి. ఇది మరీ మంచు కోసం చేసింది. మీ కింది ఎండలో ఆర్నెల్లలో అరిగి చేతికొస్తుంది. మధ్యరకం ఒకటుంది. ముందు పాతవాటి జాతకం చూడనివ్వండి."

ఆ షాపులో పద్ధతి అది. కొత్తవి అమ్మేముందు పాతవాటి అచ్చు తీస్తారు. కారును పైకి లేపి, ఒక్కో టైరుకు రోలరుతో సిరా పూసి, కింద తెల్లటి అట్ట పెట్టి, బండిని మెల్లగా దాని మీదికి దించి మళ్లీ లేపుతారు. ఇదంతా మొదలవుతుండగా కొండ మీది ఆసుపత్రి నుంచి ఫోను వస్తే అమ్మాయి బయటికి వెళ్లింది.

టైర్లక్క నాలుగు అట్టలు తెచ్చి నేల మీద పరిచింది, కారుకు చక్రాలున్న వరుసలోనే.

మా ఊళ్లో వేలిముద్ర వేసేవాళ్లను చూసి నేను నవ్వేవాణ్ణి. ఐదో తరగతి చదివి సంతకం నేర్చినవాణ్ణి నేను. ఆ అట్టల ముందు నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. ఒక్కో అచ్చు నా అరచేయంత ఉంది. నమ్మకం కుదరక వంగి చెయ్యి ఆనించి చూశాను. సరిగ్గా అంతే.

"ఇంతేనా రోడ్డుకు తగిలేది?"

"ఇంతే. పదమూడు వందల కిలోల బండి, అందులో మనుషులు, సామాను, వేగం, అన్నీ కలిపి నాలుగు అరచేతుల మీద."

నలభై ఏళ్లుగా బండ్లు ఎక్కి దిగుతున్నాను. కింద ఇనుముందని, ఇంజనుందని, నా తెలివుందని అనుకున్నాను. నన్ను మోసింది నాలుగు అరచేతులని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదు.

టైర్లక్క మాత్రం మొహం ముడుచుకుంది. ముందు రెండు అచ్చుల్లో నలుపు మధ్య తెల్లటి గాడులు నిలువునా స్పష్టంగా ఉన్నాయి. వెనక రెండూ ఒట్టి నల్లటి ముద్దలు.

"మీ నెత్తి కంటే నున్నగా ఉన్నాయి బాబాయిగారూ" అని, టార్చి పట్టుకుని కారు కిందికి వంగింది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయట. ఏ ఏడు, ఏ వారం పుట్టిందో చెబుతాయట. చదివి లేచింది. "ముందువి రెండేళ్లవి. వెనకవి ఏడేళ్లు దాటాయి. కొత్తవాటిని ముందు పెట్టించిందెవరు?"

"నేనే."

"ఎందుకు?"

"లాగేవి ముందు చక్రాలు కదా. లాగేవాటికే కొత్తవి కావాలి. ఎద్దుకు నాడాలు కొట్టేవాడికైనా తెలుసు."

"వేసినవాడు వద్దనలేదా?"

అన్నాడు. వెనక వేస్తానన్నాడు. నాకు నేర్పకు, చెప్పింది చెయ్యి అన్నాను. వాళ్లు ఆ కొండెక్కే ముందు నెలలోనే అది. ఆమెతో ఇదేమీ చెప్పలేదు.

ఆమె ఒక మగ్గుతో నీళ్లు తెచ్చి ముందు టైరు మీద పోసింది. నీళ్లు గాడుల్లోంచి కాలవల్లా దారి చూసుకుని పోయాయి. వెనక టైరు మీద పోసింది. నీళ్లు పలచటి పొరలా అంతటా పరుచుకున్నాయి.

"చూశారా. ఇక్కడ నీళ్లు పోవడానికి చోటు లేదు. టైరు నీళ్ల మీద తేలుతుంది. అప్పుడది బండి కాదు, పడవ. ముందు చక్రం జారితే బండి తిన్నగా పోతుంది, నడిపేవాళ్లకు తెలుస్తుంది, కాలు తీస్తే సర్దుకుంటుంది. వెనకది జారితే తెలిసేసరికే అయిపోతుంది. బండి దానంతటదే తిరిగిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, నేనైనా పట్టుకోలేను. అందుకే కొత్త జత ఎప్పుడూ వెనక్కే. అందులోనూ వాన మొదలైన మొదటి పది నిమిషాలు మరీ చెడ్డవి. రోడ్డు మీది నూనె పైకి తేలుతుంది." అట్టలు ఏరుతూ, "ఈ బండి ఎప్పుడైనా తిరిగిందా?" అని అడిగింది.

నేను వంగి, వెనక టైరు మీద వేలితో గాడి కోసం తడిమాను.

చేతికి కట్టుతో ఇంటికి వచ్చిన రోజున అమ్మాయి నాతో చెప్పింది. "వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టయింది నాన్నా." దయ్యమా అన్నాను. పరామర్శకు వచ్చినవాళ్లందరి ముందూ అదే అని ఎగతాళి చేశాను. దయ్యం లాగిందట. కొందరు నవ్వారు కూడా.

షాపు తలుపు అద్దంలోంచి చూస్తే అమ్మాయి ఫోను చెవికి పెట్టుకుని అటూ ఇటూ నడుస్తోంది. రెండో చేత్తో మోచెయ్యి రాసుకుంటోంది. ఆ రాసుకోవడం రెండేళ్లుగా చూస్తున్నాను. నటన అనుకున్నాను.

టైర్లక్క చేతిలో నాలుగు అట్టలున్నాయి. నాలుగూ కొత్తవి వేసెయ్యమ్మా అంటే చాలు. అట్టలు చెత్తబుట్టలోకి పోతాయి. ఆమెకు మా కథ తెలియదు. నాకు తెలిసింది నాతోనే కాలిపోతుంది. నేను మంచివాణ్ణి కాను. అక్కడ నిలబడి ఆ లెక్కంతా వేశాను. కోపం ఉన్నంతకాలం ఏడవనక్కర్లేదు. ఆ కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి ఉంది, నాకు అన్నం వండి పెడుతూ. ఆ కోపమూ పోతే ఇంట్లో మిగిలేది నేనొక్కణ్ణే.

కాని ఆ నల్లటి ముద్దలు చూశాక చూడనట్టు ఉండటం నా వల్ల కాలేదు. మనుషులు చెప్పింది నేనెప్పుడూ నమ్మలేదు. బండి తన కాళ్లతో తానే వేసిన ముద్రను కాదనే ధైర్యం నాకు లేదు.

"ఆ అట్టలు కింద పెట్టమ్మా" అన్నాను. తలుపు తీసి, "ఇలా రా" అని అమ్మాయిని పిలిచాను. వచ్చింది. ఈవిడ ఏదో చెబుతుంది విను, అనబోయాను. సిగ్గేసి మానుకున్నాను. నేనే చెప్పాను.

"ఇవి వెనక టైర్లు. అప్పటికే అరిగిపోయినవి. కొత్తవి ముందు వేయించాను. షాపువాడు వద్దన్నాడు, నేను వినలేదు. వెనకవే జారాయి. నీ చేతులు కాదు."

అమ్మాయి నా వైపు చూడలేదు. టైర్లక్కను చూసింది. "ఏం జరుగుతుందో మీరు చెప్పండి."

ఆమె చెప్పింది.

"మళ్లీ చెప్పండి."

మళ్లీ చెప్పింది. మూడోసారి అడిగేసరికి ఆమెకు సంగతి అర్థమైంది. అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, పాఠం చెప్పినట్టు ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పింది.

"ఎవరూ పట్టుకోలేరా?"

"ఎవరూ పట్టుకోలేరు తల్లీ."

"నేను బ్రేకు తొక్కాను."

"తొక్కినా అంతే, తొక్కకపోయినా అంతే."

"రోజూ పడుకున్నాక మంచం మీద స్టీరింగు తిప్పుతాను" అంది అమ్మాయి. "ఒకరోజు ఎడమకి. ఒకరోజు కుడికి. ఎటు తిప్పినా గోడే వస్తుంది."

ఆ మాట నాకు తెలియదు. పక్క గదిలో ఉంటాను. మా మధ్య ఒక్క గోడే. రెండేళ్లు ఆ గోడ అవతల నా కూతురు ఒంటరిగా అదే మలుపు తిరుగుతూ, తెల్లారి లేచి నాకు కాఫీ పెట్టింది. మనిషి ఇంత బరువు మోస్తూ నిలబడగలదని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు. నా కళ్లెదుటే నిలబడి ఉంది.

"నాన్నా, నువ్వు బయట కూర్చో" అంది.

బయట పాత టైర్ల గుట్ట మీద గంటసేపు కూర్చున్నాను. అమ్మాయి లోపల ఒక్కో ముక్కనూ నొక్కి చూసింది, ఏవేవో అడిగింది, టైర్లక్కను ఒకసారి నవ్వించింది కూడా. మధ్యరకమే తీసుకుంది, నాలుగూ ఒక్కలాంటివి. నన్ను అడగలేదు. అదే మంచిదైంది.

కారు బయటికి వచ్చింది. స్టీరింగు దగ్గర అమ్మాయి ఉంది.

"ఎక్కు. కొండ దాకా వెళ్లొద్దాం."

"ఇప్పుడా?"

"కొత్త టైర్ల మీద జిడ్డు పూత ఉంటుందట. మొదట్లో మెల్లగా తిప్పి పోగొట్టాలట. సోమవారం ఉద్యోగంలో చేరాలి."

ముందు తలుపు తీయబోయాను.

"అక్కడ కాదు. వెనక కూర్చో, అమ్మ కూర్చున్న వైపు."

కూర్చున్నాను. అక్కడి నుంచి దాని మొహం కనపడదు. చేతులే కనిపిస్తాయి. నా భార్య చివరిగా చూసింది వాటినే.

ఎండలో బయలుదేరాం. సగం ఎక్కేసరికి వాన పట్టుకుంది. ఒక్కో మలుపు వస్తోంది, కారు వంగుతోంది, కింద నాలుగు అరచేతులు రోడ్డును తడుముకుంటూ, పట్టుకుంటూ, వదులుతూ, మళ్లీ పట్టుకుంటూ పోతున్నాయి. సీటులోంచి అది నా వెన్నుకు తెలుస్తోంది. అమ్మాయి చేతులు ఎంత తిప్పాలో అంతే తిప్పుతున్నాయి, ఒక వేలెడు ఎక్కువ కాదు. మా ఇంట్లో ఇలాంటి చేతులున్నాయని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

ఆ మలుపు వచ్చింది. రాతిగోడ మీద గీత ఇంకా ఉంది. కారు దాన్ని దాటింది.

"తప్పు నాది" అన్నాను.

"గట్టిగా చెప్పు నాన్నా. వాన చప్పుడుకు వినపడట్లేదు."

గట్టిగా చెప్పాను.