చప్పుడు చేయని పిల్ల

గరిటెతో పళ్ళెం మీద మూడు దెబ్బలు, ఆ వెంటనే "అందరూ రండి" అని ఒక్క కేక. ఆ ఇంట్లో ఏడుగురు పిల్లలను భోజనానికి పిలిచే పద్ధతి అదే. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తూ కూర్చుంటే చివరివాళ్ళు వచ్చేసరికి మొదటివాళ్ళకు మళ్ళీ ఆకలేస్తుందని ఇల్లాలు అనేది. మూడో దెబ్బ పడేలోపలే పెరట్లోంచి, వీధిలోంచి, మంచాల కిందినుంచి పిల్లలు ఊడిపడేవారు. చూసినవాళ్ళు ముచ్చటపడేవారు. ముచ్చటపడవలసిన సంగతే. కాకపోతే ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది. అదేమిటో కనిపెట్టడానికి ఆ ఇంటి యజమానికి కొన్నేళ్ళు పట్టింది.

ఆయన ఫ్యాన్లూ నీళ్ళ మోటార్లూ బాగుచేసే మెకానిక్. బజారు చివర ఒక ఇరుకు గది ఆయన షాపు. రోగం చెవితోనే చెప్పేస్తాడని పేరు. పక్కవీధిలో తిరిగే పిండిమర చప్పుడు విని "ఆ బేరింగు వారం కూడా ఆగదు" అనేవాడు. వారం తిరక్కుండానే పిండిమర యజమాని మోటారు మోసుకుని వచ్చేవాడు. అనుమానం తీరకపోతే పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను తిరిగే మోటారు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. లోపల ఎక్కడ ఏది రాసుకుంటోందో ఆ ఇనుప కడ్డీ ఆయనకు చెప్పేసేది. ఆయన వృత్తికి ఒకటే సూత్రం. చప్పుడు లేదంటే జబ్బు లేదు.

షాపులో పనికొచ్చిన ఆ సూత్రాన్ని ఆయన ఇంటికి కూడా తీసుకుపోయాడు. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

ఇంట్లో చప్పుడుకు కొదవ లేదు. పెద్దమ్మాయికి పరీక్షల ఏడు. పుస్తకం పైకి చదివితే గానీ బుర్రకెక్కదు. ఆ తర్వాత కవలలు, ఇద్దరికీ కలిపి ఒకే సైకిలు, రోజుకు రెండు యుద్ధాలు. నాలుగోదాన్ని ఇంటిల్లిపాదీ లొడలొడ అని పిలిచేవారు. నిద్రలో కూడా దాని నోరు ఊరుకునేది కాదు. ఆరోవాడు పిడుగు. ఏడోది తొమ్మిది నెలల బుజ్జిది, దానికి ఏడుపే భాష. ఇంతమందిలో మాట వినపడాలంటే అరవాల్సిందే కనుక, ఆ ఇంట్లో మామూలుగా మాట్లాడటమంటే అరవడమే.

మిగిలింది ఐదోది. ఎనిమిదేళ్ళ పిల్ల. పేచీ పెట్టదు, ఎదురు చెప్పదు, ఇది కావాలి అది కావాలి అనదు. అందరూ లేస్తే లేస్తుంది, అందరూ కూర్చుంటే కూర్చుంటుంది. మెకానిక్ దానికి సైలెన్సర్ అని ముద్దుపేరు పెట్టి, వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చూపించేవాడు. "ఏడుగురిలో ఆరుగురు నా తల తినేస్తారండీ. ఇదొక్కటి మాత్రం కొత్త ఫ్యాను లెక్క, తిరుగుతున్నట్టే తెలీదు."

ఇల్లాలికైతే ఆ పిల్ల కొండంత అండ. బుజ్జిదాన్ని దాని ఒళ్ళో పడేసి వంటింట్లో దూరేది. బుజ్జిది గుక్కపెట్టి ఏడ్చినా ఆ పిల్ల విసుక్కునేది కాదు. కిటికీలోంచి కాకుల్ని చూస్తూ నిమ్మళంగా ఊపుతూ కూర్చునేది. "ఎంత ఓర్పో తల్లికి" అని ఇరుగుపొరుగు మెచ్చుకునేవారు.

అలాంటి పిల్ల గురించి బడినుంచి ఒక కాగితం వచ్చింది. పాఠం చెబుతుంటే ధ్యాస పెట్టడం లేదు, పక్కవాళ్ళ ముఖాలు, పక్కవాళ్ళ పలకలు చూస్తోంది, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతోంది, అందుచేత కింది తరగతిలో కూర్చోబెట్టడం మంచిది, సోమవారంలోగా తండ్రి సంతకం చేసి పంపాలి. టీచరమ్మ రాసింది ఇదీ. కింది తరగతంటే పిడుగు చదివే తరగతే.

ఇల్లాలు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మడత పెట్టింది.

"తమ్ముడి పక్కన కూర్చోబెడితే దాని మనసు విరిగిపోతుందండీ. చదువు అందరికీ అబ్బాలని ఏముంది? మాన్పించేద్దాం. పెద్దదాన్ని చదువుకోనియ్యాలి. ఇది ఇంట్లో ఉంటే బుజ్జిదాన్ని చూసుకుంటుంది."

"చూద్దాం," అన్నాడు మెకానిక్. రోగం అంతుపట్టని మోటారు ముందు కూర్చున్నప్పుడు కూడా ఆయన అనే మాట అదే.

ఆమెను తప్పుపట్టడం తేలిక. ఏడుగురి బట్టలు ఉతికి, ఏడుగురి జడలూ జుట్లూ దువ్వి, ఏడుగురి జ్వరాలు చూసుకునే మనిషికి ఏ పనిలోనైనా ఒక చెయ్యి సాయం దొరికితే వదులుకోబుద్ధి కాదు. పైగా ఆ పిల్ల అడ్డుచెప్పలేదు. తన చదువు గురించి తన ముందే మాట్లాడుకుంటుంటే అమ్మ ముఖంలోకి చూసి నవ్వింది. ఒప్పుకుందనే అనుకున్నారు.

శనివారం లొడలొడకు కాలు బెణికింది. రోజూ నాన్నకు భోజనం క్యారియరు పట్టుకెళ్ళేది అదే. ఆ రోజు ఐదోది వెళ్ళింది.

మెకానిక్ వాకిలికి వీపు పెట్టి, ఒక నీళ్ళ మోటారును బల్లమీద తిప్పి చూస్తున్నాడు. గుమ్మంలో నీడ పడితే, తల తిప్పకుండానే "అక్కడ పెట్టు, ఆ తీగల జోలికి వెళ్ళకు" అన్నాడు. జవాబు లేదు. లొడలొడ అయితే ఈపాటికి ఇంట్లో జరిగినదంతా చెప్పేసేది. వెనక్కి చూస్తే, సైలెన్సర్ సరిగ్గా ఆ తీగలమీదే క్యారియరు పెట్టి, ఆయన చేతిలో స్క్రూడ్రైవరు వంక కళ్ళు విప్పార్చుకుని చూస్తోంది. కరెంటు లేని తీగలు కనుక సరిపోయింది. కోప్పడబోయి, ఎప్పుడూ మాట జవదాటని పిల్ల ఇదేమిటని ఆగిపోయాడు.

"వింటావా?" అని స్క్రూడ్రైవరు చూపించాడు.

పిల్ల తలూపింది. మొనను తిరుగుతున్న మోటారు మీద ఆనించి పిడి దాని చేతికిచ్చాడు. చెవికి దగ్గరగా పెట్టుకుంది. ముఖంలో మార్పేమీ లేదు. కాస్త వెనక్కి జరిపింది, ఇంకాస్త జరిపింది. చెవి వెనక గట్టి ఎముకకు పిడి తగిలేసరికి ఉలిక్కిపడింది. అదిమి పట్టింది. ముఖమంతా నవ్వయింది.

"నాన్నా, దీంట్లో తేనెటీగలున్నాయి."

మెకానిక్ కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు సగంలో ఆగింది. పిడి చెవి దగ్గర పెట్టుకుంటే వినపడనిది, ఎముకకు పెడితే ఎందుకు వినపడింది? పాతికేళ్ళుగా మోటార్ల మీద పనిచేస్తున్న కుతూహలం ఆయనది. జవాబు దొరక్కపోతే అన్నం ముట్టే రకం కాదు. మోటారు ఆపేశాడు. గది నిశ్శబ్దమైంది. ఆ పిల్ల, తను, ఇద్దరే ఉండి, ఇంకెవరి గొంతూ లేని చోటు తమకు ఇదివరకెప్పుడూ దొరకలేదని ఆయనకు తోచింది.

తను వెళ్ళి పిల్ల వీపు వెనక నిలబడి, మెల్లగా "నీకేం కావాలమ్మా?" అన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. కాస్త గొంతు పెంచాడు. లేదు. ఇంట్లో అరిచినట్టు అరిచాడు. అప్పుడు తిరిగి చూసింది.

ఆయన ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. అది రాకపోతే బాగుండునని కూడా అనిపించింది. గొంతులోంచి చప్పుడు రానీయకుండా, ఉత్త పెదవులు కదిపాడు. అన్నం తిన్నావా అని.

"తిన్నాను నాన్నా. అక్క పెట్టింది," అంది పిల్ల.

మెకానిక్‌కు అప్పుడు తెలిసింది. ఆ పిల్ల ఇంట్లో మాటలు వినడం లేదు. చూస్తోంది. అందరూ పరిగెడితే భోజనానికి పిలిచారని పరిగెడుతోంది. బుజ్జిది ఏడిస్తే విసుక్కోకపోవడం ఓర్పు కాదు. పొంతన లేని జవాబులు చెబుతోందంటే, టీచరమ్మ నల్లబల్ల వైపు తిరిగి చెప్పే పాఠం ఆ పిల్లకు అందడమే లేదు. దీన్ని విడిగా, పేరుపెట్టి, వెనకనుంచి ఎప్పుడైనా పిలిచానా అని వెతుక్కున్నాడు. ఒక్కసారి కూడా గుర్తురాలేదు.

అయినా మెకానిక్ మెకానిక్కే. స్క్రూడ్రైవరు పిడిని పిల్ల చెవి వెనక ఎముకకు ఆనించి, కళ్ళు మూసుకొమ్మని సైగ చేసి, కడ్డీ మీద గోటితో కొట్టాడు.

"ఎన్ని?"

అని ఆయన అడిగింది కూడా వేళ్ళతోనే, పిల్ల కళ్ళు తెరిపించి. "మూడు" అంది. మళ్ళీ కొట్టాడు. "ఐదు" అంది. ఒక్కసారి కూడా తప్పలేదు. లోపలి వైరింగు బాగానే ఉంది, చప్పుడు లోపలికి వెళ్ళే దారిలోనే ఎక్కడో అడ్డం పడిందని ఆయనకు అర్థమైంది. క్యారియరు మూతైనా విప్పకుండా షాపు మూసి, పిల్లను భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. ఎనిమిదేళ్ళ పిల్లను ఎత్తుకుని పోతుంటే బజారంతా చూసింది.

ఆ సాయంత్రమే ఇల్లాలిని వెంటబెట్టుకుని పిల్లను చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు పెద్దావిడ. చెవుల్లోకి లైటు వేసి చూసి, మిషను మీద పరీక్ష చేసి, ఆఖరున ఒక ఉక్కు కడ్డీని టక్కున మోగించి పిల్ల చెవి వెనక ఆనించింది. మెకానిక్ ఆ కడ్డీని గుర్తుపట్టినవాడిలా చూశాడు.

"కర్ణభేరి వెనక నీరు చేరి గట్టిపడింది. నరం బాగానే ఉంది. మందులిస్తాను, చిన్న ఆపరేషన్ చేసి నీరు తీసేస్తాను. వినపడుతుంది," అందావిడ. "రెండు మూడేళ్ళ నుంచి ఉన్నట్టుంది. జలుబు చేసినప్పుడు చెవిపోటని ఏడవలేదా?"

ఇల్లాలు తలొంచుకుంది. "మా ఇంట్లో జలుబు ఒకరికొస్తే అందరికీ వస్తుందమ్మా. ఒకటే సీసా తెచ్చి అందరికీ తలా ఒక చెంచా పోస్తాను. ఏడ్చినవాళ్ళను ఎత్తుకునేదాన్ని. ఇది ఏడిచేది కాదు." పిల్ల జుట్టు సవరించింది. "దీన్ని బడి మాన్పించేద్దామన్నాను. నవ్వింది. నా మాట అర్థమై నవ్విందనుకున్నాను."

డాక్టరు ఆమెను మందలించలేదు. చీటీ రాస్తూ నెమ్మదిగా చెప్పింది. "గోల చేసే పిల్లలు తమ బాధ తామే చెప్పుకుంటారమ్మా. గోల చెయ్యని పిల్ల దగ్గరికి మనమే వెళ్ళి అడగాలి. బుద్ధిమంతురాలని మెచ్చుకునే ముందు ఆ బుద్ధి ఎందుకొచ్చిందో చూడాలి. పిల్లలు ఎక్కువైన ఇంట్లో మరీ చూడాలి."

సోమవారం మెకానిక్ కాగితం మీద సంతకం పెట్టలేదు. స్వయంగా బడికి వెళ్ళి టీచరమ్మకు సంగతంతా చెప్పాడు. ఆవిడ లేచి, ఆ పిల్ల పలకను వెనక బల్ల మీదినుంచి తెచ్చి మొదటి బల్ల మీద పెట్టింది. ఆ నెలంతా పిల్లల వైపు తిరిగే పాఠం చెప్పింది.

ఆపరేషనయి, మందులు వాడి, కొన్ని వారాలు గడిచాక ఒకనాటి ఉదయం ఐదోది రెండు చెవులూ మూసుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, మనింట్లో రోజూ ఇంత గోలేనా?"

ఆనాటినుంచి ఆ పిల్ల వరస మారింది. బుజ్జిది ఏడిస్తే "తీసుకోమ్మా దీన్ని, నా వల్ల కాదు" అంటుంది. కవలల గొడవలో తీర్పు చెబుతుంది. లొడలొడ నోటికి అడ్డం పడుతుంది. ఓర్పుగల తల్లి కాస్తా ఇలా తయారైందేమిటని ఇరుగుపొరుగు బుగ్గలు నొక్కుకున్నారు. మెకానిక్ మాత్రం పేచీలన్నీ పాట విన్నట్టు వింటాడు. సైలెన్సర్ అన్న పేరు మళ్ళీ ఆయన నోట రాలేదు. రోజుకొక పిల్ల చొప్పున షాపుకు క్యారియరు తెచ్చే వంతులు వేశాడు. తెచ్చినవాళ్ళు ఆయన తినేదాకా కూర్చోవాలి. మోటారు ఆపేసి, వాళ్ళు చెప్పేదంతా వింటాడు. లొడలొడ వంతు వచ్చిన రోజు మధ్యాహ్నం పని సగమే అవుతుంది. పెద్దమ్మాయి అన్నీ పైకి చదివేది బుర్రకెక్కక కాదు, పరీక్షలంటే భయంవల్లనని కూడా అలాగే తెలిసింది.

పిండిమర యజమాని ఒకసారి మోటారు తెచ్చి, "దీనికేం చప్పుడు లేదయ్యా, బాగానే ఉన్నట్టుంది" అన్నాడు. "చప్పుడు లేనంతమాత్రాన బాగున్నట్టు కాదు, విప్పి చూద్దాం," అని మెకానిక్ స్పానరు అందుకున్నాడు.

ఆ ఇంట్లో ఇప్పుడు పళ్ళెం మోగదు. ఇల్లాలు వంటింటి గుమ్మంలో నిలబడి పెద్దదాని దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తుంది. ఆలస్యమవుతుంది, వడ్డించినది కాస్త చల్లారుతుంది. ఐదో పేరు దగ్గరకొచ్చేసరికి ఆమె గొంతు దానంతటదే తగ్గిపోతుంది. మెల్లగా పిలిచి, ఒక క్షణం ఆగి, నమ్మకం చాలక మళ్ళీ పిలుస్తుంది.

"వినపడిందిలేమ్మా, ఎన్నిసార్లు పిలుస్తావు?" అని పెరట్లోంచి విసుగ్గా జవాబొస్తుంది.

ఆ విసుగు వినడం కోసమే ఆమె రెండోసారి పిలుస్తుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఏడుగురు పిల్లలను కనవచ్చు గానీ, ఏడుగురిని కలిపి పెంచడం ఎవరివల్లా కాదు. ఒక్కొక్కరినే, పేరుపేరునా, ఏడుసార్లు పెంచాలి.